ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో వదులైన చోక్ హీట్ ట్యూబు: గట్టిగా కూర్చోబెట్టేదెట్లా?

పానగల్ రోడ్ (నల్లగొండ)

అందరికీ నమస్తే. బండి 1961 షెవర్లే. వరుసగా ఆరు సిలిండర్ల 235 (క్యూబిక్ అంగుళాల) ఇంజన్, రోచెస్టర్ సింగిల్ బ్యారెల్ కార్బురేటర్, ఆటోమేటిక్ చోక్ (ఇంజన్ చల్లగ ఉన్నప్పుడు గాలిని తగ్గించి, వేడెక్కినంక దానంతటదే తెరుచుకునే రేకు). ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒక్కచోటికి తెచ్చే గొట్టం) నుంచి చోక్ డబ్బాకు వేడి గాలి తీసుకపోయే ట్యూబు మానిఫోల్డ్ దగ్గర వదులైంది. వేళ్లతో పట్టి తిప్పితే తిరుగుతున్నది. పైకి లాగితే 3, 4 మి.మీ. లేస్తది కానీ ఊడి రాదు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు టిక్కు టిక్కుమని చప్పుడు, వేడెక్కినంక తగ్గుతది. ట్యూబు మొదట్ల మానిఫోల్డ్ బీడు (పోత ఇనుము) మీద చిటికెన వేలంత వెడల్పు మసి చార ఉన్నది. చోక్ మూత విప్పి చూస్తే లోపలి స్ప్రింగు మీద కూడా మసి.

మూడు సంగతులు తెలియాలె. మానిఫోల్డ్ దించకుండా పని అయితదా? కొత్త ట్యూబు ఏ లోహంది వెయ్యాలె? దేనితోని అతకాలె?

పాలమూరు పానా

తమ్మీ, నువ్వు చివరికి రాసిన మాటే అసలు సంగతి. స్ప్రింగు మీద మసి ఉన్నదంటే ట్యూబు వదులు కావడం ఒక్కటే కాదు, లోపల చిల్లు కూడా పడి ఉండొచ్చు. అది తేల్చుకోకుండా బయట ఎంత గట్టిగ బిగించినా పని సగమే.

ఇది పనిచేసే తీరు చూడు. చోక్ డబ్బాలోకి ఇంజన్ వాక్యూమ్ సన్నగా తగులుతుంటది. ఆ పీల్పుకు హీట్ ట్యూబులో నుంచి గాలి వస్తది. ట్యూబు మానిఫోల్డ్ కడుపులో నుంచి పోతది కాబట్టి ఆ గాలి వేడెక్కి, డబ్బాలో ఉన్న రెండు లోహాల స్ప్రింగును వదులు చేస్తది, చోక్ రేకు తెరుచుకుంటది. ట్యూబు లోపల ఉండాల్సింది మంచి గాలి, ట్యూబు చుట్టూ ఉండేది పొగ. రెండింటి నడుమ ఉన్నది ఆ పలుచని ఇనుప గోడ ఒక్కటే. అరవై ఏళ్ల ట్యూబు లోపల తుప్పు తిని జల్లెడ అయి ఉంటే ఆ పొగంతా చోక్ డబ్బాలోకి, అక్కడినుంచి ఇంజన్ లోపలికి పోతది. మసికి చోక్ పిస్టన్ (డబ్బాలో వాక్యూమ్‌కు కదిలే చిన్న పిస్టన్) పట్టేస్తది. స్ప్రింగు తుప్పు పడతది. చోక్ సగం మూసుకొనే ఉండిపోయి ప్లగ్గులు నల్లబడతయి, పెట్రోలు తాగుతది.

రెండో దారి కూడా ఒకటున్నది. ట్యూబు కింది కొస దగ్గర పొగ బయటికి లీకై, ఆ కొసే దాన్ని మళ్లీ పీల్చుకుంటది. అప్పుడు చిల్లు లేకున్నా డబ్బాలో మసి కనబడతది.

ఏదో తేల్చుకోవాలంటే, ఇంజన్ చల్లగ ఉన్నప్పుడు కార్బురేటర్ దగ్గరి నట్టు విప్పి ట్యూబు పై కొసను పక్కకు జరుపు. డబ్బా వైపు రంధ్రాన్ని రబ్బరు మూతతో మూసెయ్. స్టార్ట్ చేసి ట్యూబు కొస ముందు తెల్ల గుడ్డ పట్టు. పుస్ పుస్‌మని కొట్టి గుడ్డ నల్లబడితే లోపల చిల్లు ఖాయం. ఏమీ కొట్టకుంటే లీకు బయటి చుట్టులోనే ఉన్నట్టు. ఈ పని ఆరుబయట చెయ్యి. మూసిన షెడ్డులో ఇంజన్ తిప్పొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు.

సూర్యాపేట 65

అన్నా, మానిఫోల్డ్ దించుడు పెద్ద పని. ట్యూబు చుట్టూ ఆస్బెస్టాస్ తాడు నాలుగు చుట్లు చుట్టి, మీద ఎం-సీల్ పెట్టి, తీగతోని లాగి కడితే ఆగదా? సైలెన్సర్ జాయింట్లకు అట్లనే చేస్తరు కదా.

దేవరకొండ మెటల్

సూర్యాపేట అన్నా, సైలెన్సర్ వెనక భాగం వేరు, మానిఫోల్డ్ వేరు. ఊరికే ఐడిల్‌లో నడిచినా మానిఫోల్డ్ 200, 300 డిగ్రీలకు వస్తుంది. నార్కట్‌పల్లి నుంచి హైదరాబాద్ వైపు హైవే మీద లోడుతో లాగితే 500 దాటుతుంది. ఎపాక్సీ పుట్టీలు అంతకు చాలా ముందే మాడి పొడి అవుతాయి. ఎర్ర సిలికాన్ 300 డిగ్రీల దగ్గరే చేతులెత్తేస్తుంది. టిన్ను సోల్డర్ అయితే 190 డిగ్రీలు కాకముందే కరిగి కారిపోతుంది.

వేడికి ఆగేది ఫైర్ సిమెంటు. సైలెన్సర్ పుట్టీ అని డబ్బాలో దొరికేది అదే. అయితే అది గాజులాగా పెళుసు. కదలని సందును మూస్తుంది కానీ కదిలే ట్యూబును పట్టి ఉంచలేదు. వదులైన ట్యూబుకు పూస్తే వారం పది రోజుల్లో పెచ్చులుగా రాలుతుంది. ట్యూబు ముందు లోహానికి లోహం పట్టుకొని నిలబడాలి. ఆ తరువాత వెంట్రుకంత సందు మిగిలితేనే పుట్టీ.

ఆస్బెస్టాస్ తాడు జోలికి అసలు పోవద్దు. పాత తాడు విప్పేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఇక బయటికి రాదు. పాత చుట్టు ఉంటే నీళ్లతో బాగా తడిపి, తడిగానే తీసి కవర్లో మూటగట్టండి. చుట్టడానికి గ్లాస్ ఫైబర్ టేపు చాలు.

పానగల్ రోడ్ (నల్లగొండ)

గుడ్డ పెట్టి చూసిన. నల్లబడ్డది, పుస్ పుస్‌మని కొడుతున్నది. అంటే ట్యూబు మార్చుడే. మానిఫోల్డ్ దించుత. దించేటప్పుడు ఏమేం చూసుకోవాలె?

పాలమూరు పానా

ఈ ఇంజన్‌కు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ ఒకే పక్కన, నడుమ ఒకదానికొకటి బోల్టులతో కలిసి ఉంటయి. విరిగేవి ఆ నడిమి బోల్టులే. ముందురోజు సాయంత్రం తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా నాననియ్యి. తెల్లారి మళ్లీ కొట్టు. పానాతో ఒక్కపారే విప్పే దిక్కుకు గుంజకు. ముందు కొంచెం బిగించే దిక్కుకు కదిలించి, కిర్రుమన్నంక విప్పు. కదలకుంటే బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న బీడును గ్యాస్‌తో వేడిచెయ్యి. కార్బురేటర్, పెట్రోలు పైపు ముందే తీసి దూరంగ పెట్టు. బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదియ్యి.

దించినంక మానిఫోల్డ్ ముఖాన్ని సాపు పట్టీ మీద పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి చూడు. 0.2 మి.మీ. రేకు దూరుతుంటే వంపు తిరిగినట్టే, సర్ఫేస్ గ్రైండింగ్ చేయించాలె. ట్యూబు కూర్చునే బొడిపె చుట్టూ కిరోసిన్ పూసి తుడిచి, సుద్ద రాయి. పగులుంటే ఆ సుద్ద మీద తడి గీత తేలుతది. పగులు కనబడితే ట్యూబు సంగతి ఆపి ముందు అది చూసుకోవాలె.

బిగించేటప్పుడు క్రమం తప్పొద్దు. రెండు మానిఫోల్డులనూ నడిమి బోల్టులతోని వదులుగ కలిపి, కొత్త ప్యాకింగ్ పెట్టి, ముందు హెడ్డుకు నడుమ నుంచి కొసలకు బిగించు. నడిమి బోల్టులు చివరికి. ముందే వాటిని బిగించి తర్వాత హెడ్డుకు లాగితే బీడు మీద వంపు బలం పడి కొసల దగ్గర పగులుతది.

మిర్యాలగూడ లేత్

ట్యూబు సంగతి నేను చెప్త. మా దిక్కు రైస్ మిల్లు బాయిలర్లకు ట్యూబులు ఎట్ల ఎక్కిస్తరో ఇదీ గట్లనే. బాయిలర్ ప్లేటుల ట్యూబును వెల్డింగుతోనో పుట్టీతోనో పట్టి ఉంచరు. రంధ్రంలో వదులుగ దూర్చి, లోపలినుంచి ఉబ్బిస్తరు. ట్యూబు గోడ రంధ్రం గోడకు ఒత్తుకొని అట్లనే ఉండిపోతది. పొగ లీకు కాదు, వేడికి వదులు కాదు. హీట్ ట్యూబుకూ అదే పద్ధతి.

సుత్తితోని కొట్టి దిగ్గొట్టే పద్ధతి వద్దు. 1 మి.మీ. గోడ ఉన్న ట్యూబును బిగుతు రంధ్రంలకు కొడితే మూతి మడత పడతది, లేకుంటే బొడిపె పగులుతది. ట్యూబు మీద పంచ్‌తోని చుక్కలు కొట్టి గరుకు చేసి దూర్చేది కూడా చూసిన. నాలుగు చుక్కల మీద నిలబడ్డ ట్యూబు నాలుగు నెలలు ఉండదు, చుక్కల నడుమ సందులో నుంచి పొగ వస్తనే ఉంటది.

ముందు పాత ట్యూబు బయటికి రావాలె. లాక్ ప్లయర్‌తో పట్టి తిప్పుకుంట గుంజు. తెగిపోతే రెండు దిక్కుల గోడల్లో మిగిలిన ముక్కలను చిన్న ఉలితో లోపలికి మడిచి తియ్యి, ఉలి మొన బీడుకు తగలకుండ. తుప్పు పొడి, ముక్కలు మానిఫోల్డ్ లోపల మిగలకుండ గాలి కొట్టు.

తర్వాత రెండు రంధ్రాలనూ వెర్నియర్‌తో రెండు దిక్కుల కొలిచి ఇక్కడ రాయి. గుండ్రంగ ఉన్నదా, కోడిగుడ్డు ఆకారం అయిందా అన్నదాని మీద మిగతా పని ఉంటది.

పానగల్ రోడ్ (నల్లగొండ)

పాత ట్యూబు రెండు ముక్కలై వచ్చింది. నడుమ భాగం అగరొత్తి పుల్లంత సన్నగైంది, వేలితోని నొక్కితే నలిగిపోయింది. పై రంధ్రం ఒక దిక్కు 9.6, అడ్డంగ 9.8. కింది రంధ్రం 9.6 గుండ్రంగనే ఉన్నది. గోడ మందం 6 మి.మీ. పగుళ్లు లేవు. స్టెయిన్‌లెస్ ట్యూబు వేస్తే మళ్లీ తుప్పు పట్టదు కదా, అదే తెప్పించుకోనా?

దేవరకొండ మెటల్

స్టెయిన్‌లెస్‌కు తుప్పు సంగతిలో ఢోకా లేదు, పట్టు సంగతిలోనే చిక్కు. మామూలుగా దొరికే 304 రకం ఒక డిగ్రీ వేడికి మీటరుకు 17 మైక్రాన్లు పెరుగుతుంది. బీడు పెరిగేది 11 మైక్రాన్ల దగ్గర, మెత్తని ఇనుము 12. ఇప్పుడు 10 మి.మీ. ట్యూబుకు 400 డిగ్రీల వేడి లెక్క వేయండి. మెత్తని ఇనుముకూ బీడుకూ తేడా 0.004 మి.మీ. స్టెయిన్‌లెస్‌కైతే 0.024 మి.మీ., ఆరు రెట్లు.

వేడెక్కినప్పుడు స్టెయిన్‌లెస్ ఎక్కువ ఉబ్బుతుంది, బీడు దానికి చోటివ్వదు. ట్యూబు గోడ తనలో తానే నలుగుతుంది. చల్లారినప్పుడు నలిగిన కొలతతో ముడుచుకుంటుంది. అలా వేడెక్కి చల్లారిన ప్రతిసారీ పట్టు కొంచెం తగ్గి, చివరికి పొద్దున స్టార్టింగ్‌లో టిక్కు టిక్కు మళ్లీ మొదలవుతుంది. రాగి గొట్టం పెరుగుదల కూడా 17 దగ్గరే, పైగా ఆ వేడికి మెత్తబడి పొరలు పొరలుగా రాలుతుంది. ఇత్తడి 19. అందుకే బీడుకు జోడు మెత్తని ఇనుమే. అతుకు లేని ట్యూబు, గోడ 1 మి.మీ. జీఐ (జింకు పూత) పైపు మాత్రం వద్దు. పైన ఉన్న జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, కాల్చినప్పుడు వచ్చే పొగ పీల్చితే జ్వరం వస్తుంది.

మిర్యాలగూడ లేత్

దేవరకొండ అన్న లెక్క సరైంది. బాయిలర్ ట్యూబు, ప్లేటు రెండూ ఇనుమే ఉండేది అందుకే.

నీ కొలతలకు ఇట్ల చెయ్యి. పై రంధ్రం 9.8 దాకా అరిగింది కాబట్టి 9.6 రంధ్రానికి సరిపోయే 9.5 ట్యూబు ముచ్చట మర్చిపో. రెండు రంధ్రాలనూ 10కి తేవాలె. ముందు 9.8 డ్రిల్ బిట్టు, ఆ తర్వాత 10 మి.మీ. హ్యాండ్ రీమర్. రీమర్ పొడుగ్గ ఉండాలె, ఒక రంధ్రంలో నుంచి రెండోదానికి చేరాలె. రెండు దిక్కుల నుంచి విడివిడిగ చేస్తే రంధ్రాలు ఒక గీత మీద ఉండవు, ట్యూబు వంకరగ నిలబడతది. బీడును డ్రిల్ చేసేటప్పుడు నూనె పొయ్యొద్దు, పొడిగనే చెయ్యి. నూనె కలిస్తే పొడి ముద్దయి రీమర్ పళ్లల్ల ఇరుక్కుంటది. రీమర్‌ను చేత్తోనే, ఒకే దిక్కుకు తిప్పుకుంట దింపు, తిప్పుకుంటనే పైకి తియ్యి. వెనక్కి తిప్పితే అంచులు పోతయి.

ట్యూబు 10 మి.మీ. బయటి కొలత, 8 లోపలిది. బజార్ల వచ్చే ట్యూబు సరిగ్గ పది ఉండదు. లేత్ మీద పెట్టి ఎమరీ పేపర్‌తో 9.9కి దించు. రంధ్రానికీ ట్యూబుకూ 0.1 తేడా ఉంటే చేత్తోనే దూరుతది. కొలిమిలోనో గ్యాస్ మీదనో ట్యూబును చీకట్ల ఎర్రగ కనబడేదాక కాల్చి, పొడి బూడిదలో పూడ్చి మెల్లగ చల్లారనియ్యి. నీళ్లల్ల ముంచకు. మెత్తబడని ట్యూబు ఉబ్బించేటప్పుడు చీలుతది.

ఇగ ఉబ్బించే లెక్క. ముందు 0.1 సందు నిండాలె. దాని మీద ట్యూబు గోడ వంద పాళ్లల్ల అయిదు పాళ్లు పలచబడేదాక ఒత్తాలె. గోడ 1 మి.మీ., రెండు పక్కలా కలిపి 2, అందులో అయిదు శాతం 0.1. అంటే లోపలి కొలత 8.0 నుంచి 8.2కి పోవాలె. అంతకంటే తక్కువైతే పట్టు రాదు. 8.3 దాటితే 6 మి.మీ. బీడు బొడిపె పగిలే ప్రమాదం. బాయిలర్ ప్లేటు ఉక్కు, సాగుతది. బీడు సాగదు, ముందు చెప్పకుండ పగులుతది.

దానికి చిన్న బుల్లెట్ తయారు చేసుకోవాలె. పాత వాల్వు కాడ ముక్కో, ఈఎన్8 (గట్టి ఉక్కు రకం) రాడ్డో తీసుకొని ముందు మొన 7.8, అక్కడినుంచి 15 మి.మీ. పొడుగున వాలుగ 8.2కి తెచ్చి, 8.2 కొలతతో 4 మి.మీ. తిన్నగ వదిలెయ్. వెనక కొస కొంచెం తగ్గించు. నడుమ 5 మి.మీ. రంధ్రం వేసి ఎం6 ట్యాప్ కొట్టు. 8.8 గ్రేడు ఎం6 స్టడ్‌ను ఆ మరలో బిగిస్తే అది ట్యూబులో నుంచి అవతలికి పోవాలె. బుల్లెట్ వెనక నట్టు పెట్టకు, 10 మి.మీ. వెడల్పున్న ఎం6 నట్టు ట్యూబులో దూరదు. ట్యూబు అవతలి కొస దగ్గర చిన్న గుండు కప్పులాంటి స్పేసరు, మందం వాషరు, నట్టు. ఆ స్పేసరు ట్యూబు మీద కాదు, మానిఫోల్డ్ బొడిపె మీద ఆనాలె, లోపలి కొలత 14కి తగ్గకుండ. బుల్లెట్‌కు, ట్యూబు లోపలికి గ్రీజు పూసి నట్టు తిప్పుకుంట పొయినవంటే బుల్లెట్ ఈ కొస నుంచి ఆ కొసకు నడుచుకుంట పోతది. రెండు గోడల్లోనూ ట్యూబు ఒకే తీరుగ ఒత్తుకుంటది. సుత్తి దెబ్బ ఒక్కటి కూడా పడదు.

మొదట్ల బుల్లెట్ పట్టు దొరికేదాక ట్యూబు జారుతది. అందుకే బుల్లెట్ లోపలికి పొయ్యే దిక్కు కొసను ముందే కొంచెం అంచు తిప్పి ఉంచుకోవాలె. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర ఫ్లేరింగ్ సెట్టు ఉంటది, కాల్చి మెత్తబరిచిన ఇనుముకు మెల్లగ చేస్తే అదీ పనికొస్తది. ఆ అంచే మానిఫోల్డ్‌కు తట్టి ట్యూబును ఆపుతది.

పానగల్ రోడ్ (నల్లగొండ)

కాకా, పైన చోక్‌కు పొయ్యే పైపు 8 మి.మీ. ట్యూబు మీద దానికి సాకెట్ ముందే తిప్పించి పెట్టుకోనా?

మిర్యాలగూడ లేత్

వద్దు. చాలామంది తప్పేది అక్కడ్నే. బుల్లెట్ ట్యూబు మొత్తం పొడుగున నడుస్తది కాబట్టి మానిఫోల్డ్ బయట మిగిలే మొన కూడా లావైతది. 9.9 ఉన్నది 10.1 దగ్గరికి వస్తది. ముందే 9.9కి సాకెట్ బోర్ చేస్తే ఎక్కదు. ఉబ్బించినంక కొలిచి, దానికి 0.05 ఎక్కువతో బోర్ చెయ్యి. పైన 15 మి.మీ. మొన వదులు.

ఆ సాకెట్ గాలి చొరకుండ ఉండాలని మరీ ఆరాటపడే పని లేదు. అక్కడ ట్యూబు లోపల ఉండేది మంచి గాలే. కొంచెం సందున్నా బయటి చల్ల గాలి కలిసి చోక్ అర నిమిషం ఆలస్యంగ తెరుచుకుంటది, అంతే. నాలుగు పక్కల కోత పెట్టిన సాకెట్, దాని మీద చిన్న క్లిప్పు చాలు. గ్యాస్ వెల్డింగ్‌తో అతికిస్తే వచ్చేసారి మానిఫోల్డ్ దించాలంటే మళ్లీ కొయ్యాలె.

వనపర్తి వైరింగ్

ఇంత పని లేకుండ ఎలక్ట్రిక్ చోక్ మూత పెట్టుకునే దారి కూడా ఉంది, చెప్పి ఉంచుతున్నాను. కార్బురేటర్‌కు సరిపోయే మూత దొరికితే 12 వోల్టులు ఇగ్నిషన్ స్విచ్ వేసినప్పుడే వచ్చే చోట నుంచి, 5 ఆంపియర్ల ఫ్యూజుతో తీసుకోవాలి. ఇగ్నిషన్ కాయిల్ పాజిటివ్ నుంచి తీయొద్దు. అక్కడ రెసిస్టెన్స్ వైరు దాటి వచ్చే ఓల్టేజీ తక్కువ, మూత సరిగా వేడెక్కదు, స్పార్కు కూడా బలహీనమవుతుంది. చోక్ డబ్బాకు వేడి గాలి వచ్చే రంధ్రం మూసేయాలి, లేకుంటే ఇంజన్ అక్కడినుంచి దుమ్ము గాలి పీలుస్తుంది.

అయితే మానిఫోల్డ్‌లో రంధ్రాలు అలాగే వదిలేస్తే కుదరదు. రెండింటినీ 10.8 డ్రిల్‌తో తీసి ఎం12 × 1.25 ట్యాప్ కొట్టి, గట్టి ప్లగ్గులు బిగించాలి. 6 మి.మీ. గోడలో దాదాపు ఐదు మరలు దొరుకుతాయి, అది చాలు. మరలు పట్టేయకుండా రాగి పొడి కలిసిన యాంటీ సీజ్ గ్రీజు పూయండి.

పాలమూరు పానా

వనపర్తి భాయ్ చెప్పింది పని చేస్తది. మానిఫోల్డ్ ఇప్పటికే కింద ఉన్నది, రంధ్రాలు మంచిగున్నయి కాబట్టి నేనైతే ట్యూబే వెయ్యమంట. ఇంజన్ ఎంత వేడెక్కిందో ట్యూబుకు తెలుసు, కరెంటు మూతకు తెల్వదు. కరెంటు చోక్ స్విచ్ వేసిన నిమిషం నుంచి తెరుచుకుంట పోతది, ఇంజన్ తిరిగినా తిరగకున్నా.

జడ్చర్ల జంక్షన్

ఇందులోనే ఒకటి అడుగుత అన్నలు. కార్బురేటర్ మారుతి 800లో మానిఫోల్డ్ రేకు మూత నుంచి ఎయిర్ క్లీనర్‌కు పొయ్యే మడతల గొట్టం వదులై కింద పడ్డది. అదీ ఇదీ ఒకటేనా? అది లేకుండ నడిపితే ఏమైతది?

పాలమూరు పానా

కాదు తమ్మీ. నీది కార్బురేటర్ పీల్చే మొత్తం గాలిని చలికాలంలో కొంచెం వెచ్చబరిచే గొట్టం. దానికీ పొగకూ సంబంధం లేదు, మానిఫోల్డ్ బయట రేకు మూత కింద ఉన్న వేడి గాలినే తీసుకుంటది. పాలమూరు ఎండలకు అది లేకుండ నడిపినా ఇంజన్‌కు నష్టం లేదు. జనవరిలో తెల్లవారుజామున మాత్రం వేడెక్కేదాక జర తడబడుతది. వేసవిల ఎయిర్ క్లీనర్ మూతిలో ఉన్న గాలి మూత వేడి గాలి వైపు ఇరుక్కొని ఉంటేనే నష్టం ఎక్కువ. పల్చబడ్డ గాలితో బండి లాగదు, ఎత్తు మీద నాకింగ్ కొడతది. దాన్ని వేలితోని కదిలించి చూడు.

అదే వెయ్యాలంటే మూతి బయటి కొలత తీసుకొని, అల్యూమినియం మడతల గొట్టం అదే లోపలి కొలతది తెచ్చి, రెండు కొసలా స్టీలు క్లిప్పులు పెట్టు. ఫ్యాను బెల్టుకు, ప్లగ్గు వైర్లకు రెండు వేళ్ల దూరం ఉండాలె. వదులైన గొట్టాన్ని ప్లాస్టిక్ టై వేసి వదిలితే మానిఫోల్డ్ మీద కరిగిపోతది.

సూర్యాపేట 65

పుట్టీ సంగతి అర్థమైంది, మంచిగ చెప్పిన్రు. పొల్యూషన్ చెకింగ్‌కు ఈ లీకుతోని ఫరక్ పడతదా?

దేవరకొండ మెటల్

పడుతుంది, రెండు రకాలుగా. చోక్ సగం మూసుకొని ఉంటే మిశ్రమం చిక్కబడి కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. భారత్ స్టేజ్-2 పొగ నిబంధనలకు ముందు తయారైన నాలుగు చక్రాల పెట్రోల్ బండికి ఐడిల్‌లో పరిమితి 3 శాతం, చోక్ ఇరుక్కున్న బండి దాన్ని తేలిగ్గా దాటుతుంది. మానిఫోల్డ్ దగ్గర లీకు ఉంటే పొగ దెబ్బల నడుమ బయటి గాలి లోపలికి పీల్చుకొని, గొట్టం చివర కొలత అసలుకంటే తక్కువగా చూపిస్తుంది. మీటర్ పాస్ చేసిందని లీకు లేదనుకోవద్దు. ఆ లీకైన పొగ బానెట్ కింద నుంచి బండి లోపలికే వస్తుంది.

పానగల్ రోడ్ (నల్లగొండ)

కాకా చెప్పిన లెక్కనే ట్యూబు ఎక్కింది. లోపల 8.2, బయట మొన 10.1. రెండు దిక్కులా ప్లయర్‌తో పట్టి తిప్పినా కదల్తలేదు. బిగించే ముందు లీకు ఎట్ల చూడాలె? చోక్ సెట్టింగ్ ఎక్కడ పెట్టాలె?

మిర్యాలగూడ లేత్

మానిఫోల్డ్ సిలిండర్ ముఖాలన్నింటికీ రబ్బరు షీటు, చెక్క పట్టీ పెట్టి క్లాంపులతో మూసెయ్. మానిఫోల్డ్‌కు సైలెన్సర్ కలిసే మూతిలో నుంచి సైకిల్ పంపుతో గాలి కొట్టి, ట్యూబు రెండు బొడిపెల చుట్టూ సబ్బు నురుగు పెట్టు. ట్యూబు కొసల మీద కూడా నురుగు పెట్టు, అక్కడ బుడగ వస్తే ట్యూబులోనే చిల్లున్నట్టు. బొడిపె చుట్టూ సన్న బుడగ ఒకటి రెండు వస్తే, ఇప్పుడు పుట్టీ పనికొస్తది. ట్యూబు కదల్తలేదు కాబట్టి ఆగుతది. వేలి కొనతో పలుచగ పూసి ఒక రాత్రి ఆరనిచ్చి, మొదటిసారి పది నిమిషాలు ఐడిల్‌లోనే వేడిచెయ్యి. తడి పుట్టీని ఒక్కసారే గట్టి వేడికి పెడితే లోపలి నీరు ఆవిరై బుడగలు లేస్తయి. సైలెన్సర్ దిక్కు అంచు తిప్పిన కొసను నొక్కి చూడు, చీలిక ఉంటే ఇప్పుడే కనబడతది.

పాలమూరు పానా

చోక్‌కు పొయ్యే పైపు కలిపే ముందు చోక్ డబ్బా శుభ్రం చెయ్యి. పాత మసి లోపలే ఉంటే కొత్త ట్యూబు పెట్టినా చోక్ కదలదు. మూత మీద ఇప్పుడున్న గీతను గుర్తు పెట్టుకొని మూడు స్క్రూలు విప్పు. పిస్టన్‌ను, దాని గాడిని కార్బురేటర్ క్లీనర్ కొట్టి మెత్తని కుంచెతో తుడువు. కత్తితో గీకొద్దు, గీత పడితే వాక్యూమ్ అక్కడినుంచి జారిపోతది. నూనె అస్సలు పూయకు, మసి దానికే అంటుకుంటది. పిస్టన్ సొంత బరువుతో జారాలె. డబ్బాకు ట్యూబు దూరే రంధ్రం మీద ఇంజన్ నడుస్తుంటే వేలు పెడితే సన్నటి పీల్పు తగలాలె. తగలకుంటే ఆ సన్న దారి మూసుకుపోయింది, వేడి గాలి వచ్చే తొవ్వే లేదు.

ట్యూబు మొదట్ల నుంచి డబ్బా దాకా గ్లాస్ ఫైబర్ టేపు సగం మీద సగం పడేటట్టు ఒక్క వరుస చుట్టి రెండు కొసలా స్టీలు తీగతోని కట్టు. కింది కొస తెరిచి ఉండే రకమైతే సన్న స్టీలు జాలి కప్పు, దుమ్ము పోకుండ. కార్బురేటర్ గొంతు నుంచి రెండో పైపు వచ్చే రకమైతే దాన్ని ట్యూబు కింది కొసకు పెట్టడం మరవకు. వడపోసిన గాలి అటునుంచే వస్తది.

సెట్టింగ్ అంటవా, ముందు మూతను పాత గీత మీదనే పెట్టు. చల్లటి ఇంజన్ మీద యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి వదిలితే రేకు మెత్తగ మూసుకోవాలె, వేలితోని నొక్కితే తేలిగ్గ తెరుచుకోవాలె. స్టార్ట్ చేసినంక మూడు నాలుగు నిమిషాల్లో రేకు నిలువుగ నిలబడాలె. ఆరు నిమిషాలు దాటినా తెరుచుకోకుంటే మూతను లీన్ (పెట్రోలు పాలు తగ్గించే) బాణం వైపు ఒక్క గీత జరుపు. ఒకేసారి రెండు జరపకు. మే నెలలో నల్లగొండల 44, 45 డిగ్రీల ఎండకు చోక్ అసలు మూసుకోకున్నా అది తప్పు కాదు. స్ప్రింగు అప్పటికే వేడిగ ఉన్నది. మే నెలల సెట్టింగ్ జరిపి, తర్వాత డిసెంబర్‌ల స్టార్ట్ కాకుంటే కార్బురేటర్‌ను అనుమానించే వాళ్లున్నరు. పొద్దున 14, 15 డిగ్రీలున్న దినమే దానికి సరైన కొలత.

మానిఫోల్డ్ బోల్టులను మూడుసార్లు బాగా వేడెక్కి చల్లారినంక, చల్లటి మీదనే, ఇంకోసారి చూసుకో. కొత్త ప్యాకింగ్ కొంచెం కూర్చుంటది, ఒక పావు తిప్పు దొరకొచ్చు. వేడి మీద బిగించొద్దు. 500 కిలోమీటర్లకు చోక్ మూత ఒక్కసారి విప్పి చూడు. లోపల తెల్ల గుడ్డతోని తుడిస్తే గుడ్డ తెల్లగనే ఉండాలె.